నొప్పి తగ్గిన పొద్దు

దేవరకొండ ఆసుపత్రిలో
ఏసీ ఉన్న గది ఇదొక్కటే.
అది నా కోసం కాదు, మిషన్ కోసం.
గోడ మీద ఎర్రక్షరాల బోర్డు,
కడుపులో ఆడో మగో ఇక్కడ చెప్పబడదని.
దాని కింద బల్ల మీద ఇద్దయ్య,
నలభై ఏళ్లుగా బోరు పాయింట్లు పెట్టే మనిషి.

"నాదీ గిదే పని డాక్టరమ్మా" అన్నాడు
జెల్లు చల్లదనానికి పొట్ట ముడుచుకుంటూ.
"అరచేతుల కొబ్బరికాయ వెట్టుకొని నడుస్త.
నీళ్లున్న కాడ నిలవడతది.
నీ చేతుల దాని సంగతేంది, గదిగూడ నిలవడతదా?"

నిలబడదు ఇద్దయ్యా, నేనే ఆపాలి.
నిన్ను ఊపిరి బిగబట్టమని చెప్పి
నాదీ బిగబట్టుకొని
పక్కటెముకల సందులోంచి తొంగిచూడాలి.
నా దగ్గర నీళ్లు నల్లగా ఉంటాయి.
రాయి తెల్లగా మెరిసి
వెనకాల పొడుగ్గా నీడ పడేస్తుంది,
మిట్టమధ్యాహ్నమైనా సరే.

తలుపు పట్టుకొని సైదమ్మ చెబుతూనే ఉంది:
బేస్తవారం దినాల కాడ యాటకూర తిన్నడు,
నడిజాముల డొక్కల వట్టుకున్నది,
కుడి బుజం దాంక గుంజింది,
పచ్చగ కక్కిండు, చలిజరం.
ఊరి డాక్టరు గ్యాసని రెండు సూదులిచ్చిండు.
నిన్న రాత్రంత గోడకు తల గుద్దుకున్నడు.
ఇయ్యాల పొద్దుగాల లేసి శాయ్ అడిగిండమ్మా,
తగ్గింది గద, తోల్కపోత.

ప్రోబ్‌ని డొక్క కింద నొక్కాను.
మార్కెట్ యార్డులో బస్తాలు మోసేవాళ్లు సైతం
ఇక్కడికొచ్చేసరికి అమ్మా అని
నా మణికట్టు పట్టుకుంటారు.
ఆ పట్టు కోసమే చూస్తాను,
సగం రిపోర్టు అదే.
ఇద్దయ్య కప్పు వైపు చూస్తున్నాడు.
ఇంకా గట్టిగా నొక్కాను.
"సల్లగున్నది" అన్నాడు.

ఉల్లిపొరలా ఉండాల్సిన గోడ
తడిసిన అట్టపెట్టెలా పొరలు పొరలుగా విడిపోయింది.
లోపల చిరిగిన పీలికలు ఊగుతున్నాయి.
మెడ దగ్గర చింతగింజంత రాయి అడ్డంపడి ఉంది.
చుట్టూ సన్నటి నల్లగీత.
రంగు మీట నొక్కాను,
ఒక్క ఎర్రచుక్కన్నా వెలుగుతుందేమోనని
అటు తిప్పి ఇటు తిప్పి చూశాను.

"నీళ్లు వడ్డయా?"
పడ్డాయి.
"ఎన్ని ఇంచులు?"
పడకూడని చోట పడ్డాయి ఇద్దయ్యా.

సైదమ్మను తెర దగ్గరికి పిలిచాను.
యాటను కోసినప్పుడు కార్జం మీది పసరుతిత్తిని
ఎట్లా తీస్తారమ్మా?
"పానం ఉగ్గవట్టుకొని తీస్తరు.
పలిగిందంటె కార్జమంత శేదే."
లోపల అదే పగలబోతోంది.
"మరి నొప్పి తగ్గె గద?"
నొప్పి తగ్గలేదు తల్లీ,
నొప్పిని చెప్పే చోటు చచ్చిపోయింది.

ఆమెకు అర్థం కాలేదు.
నాకు అంతకంటే బాగా చెప్పడం చేతకాలేదు.
బల్ల మీంచి ఇద్దయ్యే అన్నాడు,
"మోటరు సప్పుడాగితె బాగైనట్టు గాదే సైదీ,
కాలినట్టు."

రిపోర్టులో గ్యాంగ్రీన్ అన్న మాట కింద
రెండు గీతలు గీసి
సర్జన్‌కి ఫోన్ చేశాను.
ఆయన సిజేరియన్‌లో ఉన్నాడు,
సిస్టర్ ఫోన్ చెవి దగ్గర పెట్టినట్టుంది.
"రేపటిదాకా ఆగుతుందా?"
ఆగదు.
అవతల గిన్నెలో కత్తెర పడిన చప్పుడు.
"పంపించు."

స్ట్రెచర్ చక్రం ఒకటి ఎప్పటిలాగే మొరాయించింది.
గడప దాటుతూ ఇద్దయ్య అడిగాడు,
ఆ రాయి తీసినంక నాకిస్తరా?
ఇన్నేండ్లల్ల బండ వడ్డదని ఎందరో తిట్టిన్రు,
నా బండ నేనొక్కసారి చూసుకోవద్దా.

తర్వాతి ఆమె లోపలికొచ్చింది,
ఏడో నెల.
బల్ల మీది కాగితం మార్చాను.
కింద ఇద్దయ్య చెప్పులు ఉండిపోయాయి,
ఎవరి చెలకదో ఎర్రమట్టితో.
కాలితో గోడవారకు జరిపాను,
రెండింటినీ ఒక జతగా ఉండేట్టు.
"నీళ్లు బాగా తాగావా అమ్మా?" అని అడిగాను.